బురదకు తొడగాల్సిన గండపెండేరం

అనగా అనగా ఒక వాగు. దాని పేరు చిలకవాగు. వాగుకి ఎగువన ఒక రాజ్యం, దిగువన ఒక రాజ్యం. ఎగువదాన్ని ఎగువకోన అన్నారు, దిగువదాన్ని దిగువకోన అన్నారు. పేర్ల కోసం బుర్రలు బద్దలు కొట్టుకునే తీరిక ఆ కాలం వాళ్ళకి లేదు మరి.

ఎగువకోనను ముప్పమదేవి అనే రాణి ఏలేది. దిగువకోనకు ఉదయభూపతి రాజు. రాజు మనసు వెన్న. పొగడ్త సెగ తగిలితే చాలు, కరిగిపోయి ఇక చేతికి దొరికేది కాదు. ఆయనతో అదొక్కటే చిక్కు.

ఆయన సేనకు నాయకుడు మాచన. మాట తక్కువ మనిషి. నోరు తెరిస్తే మాత్రం ఉన్నమాటే అనేవాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా! అందుకే కొలువులో మాచన లేచి నిలబడ్డాడంటే సగంమంది ముఖాలు పక్కకి తిప్పుకునేవారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఎగువకోన వాళ్ళు వాగుకి అడ్డంగా రాతికట్ట వేసి ఉన్న నీళ్ళన్నీ ఆపుకున్నారు. దిగువన వాగు సన్నబడింది. నూలుపోగంత అయింది. ఆఖరికి తడి ఇసుక మిగిలింది. బావి నీళ్ళు చిలకరించి బతికించుకుంటున్న నారుమళ్ళు పసుపు తిరిగాయి. రైతులు కోటకి వచ్చి రాజుతో మొరపెట్టుకున్నారు.

"ముందు రాణికి కబురు పంపి చూద్దాం ప్రభూ," అన్నాడు మాచన.

"కబురేమిటి బావా, కత్తి పంపుదాం!" అన్నాడు కొమ్మరాజు.

కొమ్మరాజు రాజుగారికి బావమరిది. ఆ బావమరిదిరికం తప్ప అతనికి వేరే ఉద్యోగం ఏమీ లేదు. కానీ మీసం మాత్రం ఇద్దరు సేనాపతులకి సరిపోయేంత ఉండేది. రాజుకి కత్తి మాటే నచ్చింది.

దిగువకోనలో సైనికులంటే ఎక్కడినుంచో దిగినవాళ్ళు కాదు. నాగలి దించి బల్లెం ఎత్తిన రైతుబిడ్డలే. వాళ్ళు బయల్దేరే పొద్దున ఊరి పొలిమేరలో తల్లులు బారులు తీరారు. వాళ్ళలో అక్కమ్మ అనే ఆమె మాచన గుర్రం కళ్ళెం పట్టుకుని ఆపింది. ఆమెకి సూరప్ప ఒక్కడే కొడుకు.

"నాయకా, నీళ్ళు తెస్తానంటున్నావు, సంతోషం. నీళ్ళొచ్చి మనుషులు రాకపోతే దమ్ము చేసేదెవరు, నారు మోసేదెవరు?" అని అడిగింది.

నిజమే కదా! నీళ్ళు పెట్టి, ఎడ్లు తోలి, మడిని మెత్తటి బురద చేస్తేనే నాట్లు పడేది. అది మగపిల్లల పని.

"అక్కా, నాట్లనాటికి నీ సూరప్పని నీ గట్టు మీద నిలబెడతాను," అన్నాడు మాచన. చుట్టూ ఉన్న తల్లులంతా ఆ మాట విన్నారు. మాచన మాటంటే వాళ్ళకి రాతిమీద గీత.

రెండు రాజ్యాల సరిహద్దులో వాగు ఒడ్డున గేదెలరేవు అని ఒక పల్లం ఉంది. దిగువకోన గేదెలన్నీ ఎండవేళ అక్కడే పొర్లేవి. తొలిపోరు అక్కడ జరగాలని రాసిపెట్టి ఉంది కాబోలు. ముందురోజు సాయంత్రం, ఆ ఏడు మొత్తం మీద ఒకే ఒక్క వాన, ఆ పల్లం మీద దబదబా కురిసి వెలిసింది.

తెల్లారి దిగువకోన సేనకి అన్నీ అపశకునాలే. గంజి అడుగంటింది. రాజు గుడారం దాటబోతూ "హాచ్" అని తుమ్మాడు. రెండడుగులు వేసేసరికి ఆయన ఎడమకాలి చెప్పు వారు పుటుక్కున తెగింది. పురోహితుడు గుండెలు బాదుకున్నాడు.

"ఇవాళ వద్దు ప్రభూ, వెనక్కి తిరగండి!" అన్నాడు.

వెనక్కి తిరిగేవారే. కానీ అంతలో కొమ్మరాజు గుర్రాన్ని జోరీగ కుట్టింది. అది సకిలించి, దిబ్బ మీది నుంచి గుడ్డెద్దు చేలో పడ్డట్టు కిందికి పరుగెత్తింది. కొమ్మరాజు దాని మెడ కావిలించుకుని "ఆపండ్రోయ్!" అని అరిచాడు. దూరాన్నుంచి అది "రండ్రోయ్!" అన్నంత వీరంగా కనిపించింది. సేనంతా కేకలు పెడుతూ వెనకే ఉరికింది.

ఎదుటినుంచి ఎగువకోన గుర్రపుదండు వచ్చింది. మంచి జాతిగుర్రాలు, మీద ఇనుప తొడుగులు. వచ్చి నేరుగా పల్లంలో దిగాయి. దిగినవి దిగినట్టే కడుపుల దాకా కూరుకుపోయాయి. ఎంత తన్నుకుంటే అంత లోతుకి పోయాయి. దిగువకోన రైతుబిడ్డలకి ఆ బురద కొత్తా? గేదెలు తోలిన కాళ్ళు వాళ్ళవి. మోకాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ వెళ్ళి గుర్రాలవాళ్ళ చేతుల్లో కత్తులు లాగేసుకున్నారు. పొద్దు బారెడెక్కేసరికి పోరు అయిపోయింది.

దిగువకోన వాళ్ళు ఒక్కరు కూడా చావలేదు. మాచన గుండెలమీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు. సూరప్ప ఒళ్ళంతా బురదతో గేదెదూడలా నవ్వుతూ నిలబడ్డాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. దిగువకోనలో తాతలనాటి ఆచారం ఒకటి ఉంది. దాన్ని తొలివరస అనేవారు. యుద్ధంలో మొదటి పోరు గెలిస్తే, ఆ గెలుపు తెచ్చిన వీరుడి కాలికి బంగారు గండపెండేరం తొడగాలి. ఆ రోజు ఏం చేశారో, ఎలా చేశారో, యుద్ధం ముగిసేదాకా అచ్చం అదే చేయాలి. తొలి ముద్ద ఏ చేత్తో తింటే భోజనమంతా ఆ చేత్తోనే తింటాం కదా, యుద్ధమూ అంతే, అని వాళ్ళ వాదన.

కొలువు తీరింది. పళ్ళెంలో గండపెండేరం ధగధగలాడింది.

"ఈ గెలుపు ఎవరిది?" అని అడిగాడు రాజు.

"తమరి తుమ్ముది ప్రభూ," అన్నాడు పురోహితుడు. పొద్దున గుండెలు బాదుకున్నది ఈయనే సుమా! "మామూలు తుమ్ము కాదు అది, జయతుమ్ము. ఆ చెప్పు వారు తెగడమూ శుభమే. అడుగంటిన గంజీ శుభమే."

"నా దూకుడుది బావా," అన్నాడు కొమ్మరాజు మీసం దువ్వుతూ. "అందరికన్నా ముందు దూకింది ఎవరు?"

గుర్రం జవాబు చెప్పలేదు కాబట్టి ఆ మాట నిలబడిపోయింది.

రాజు మాచన వైపు చూశాడు. మాచన లేచాడు.

"ప్రభూ, ఉన్నమాట చెబుతాను. ఈ గండపెండేరం గేదెలరేవు బురదకి తొడగాలి."

కొలువు గొల్లుమంది. రాజు కూడా నవ్వాడు. "బురదకి కాలెక్కడుందయ్యా మాచనా?"

"కాలు లేదు కాబట్టే ప్రభూ, అది పారిపోకుండా నిలబడి పోరాడింది," అన్నాడు మాచన.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొమ్మరాజు ముఖం కందగడ్డ అయింది. రాజు నవ్వు కూడా సగంలో ఆగిపోయింది. తన గెలుపుని ఎవరో నీళ్ళు పోసి పలచన చేసినట్టు అనిపించింది ఆయనకి. గండపెండేరం తీసి కొమ్మరాజు కాలికి తొడిగాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బురద గెలుపు బావమరిది కాలికెక్కింది.

మర్నాడే ముప్పమదేవి దూత వచ్చాడు.

"కట్టకి తూము పెట్టిస్తాను. ఒక వారం నీళ్ళు మీకు, ఒక వారం మాకు. ఇరువైపులా బిడ్డలు ఇళ్ళకి పోయి సేద్యం చేసుకుంటారు." ఇదీ రాణి కబురు.

మాచనకి ప్రాణం లేచి వచ్చింది. "ప్రభూ, మనం వచ్చిందే నీళ్ళ కోసం. నీళ్ళు ఇస్తామంటున్నారు. ఒప్పుకుంటే రేపు ఇంట్లో ఉంటాం."

"ఒక్క పోటుకే దిగొచ్చింది," అన్నాడు కొమ్మరాజు కాలు ఘల్లుమనిపిస్తూ. "ఇంకొక్కటి తగిలిస్తే కోట తాళాలు తెచ్చి ఇస్తుంది బావా!"

రాజు కళ్ళు మెరిశాయి. "తొలిపోరు గెలిచినవాడు సగం నీళ్ళకి ఒప్పుకుంటే లోకం నవ్వదూ? కట్ట మాది, వాగు మాది, కోటా మాదే అని చెప్పిరా మాచనా."

నిన్నటిదాకా రాజుకి నీళ్ళు కావాలి. ఇవాళ గెలుపు కావాలి. తొలిపోరు యుద్ధాన్ని ముగించలేదు సరికదా, యుద్ధం దేనికన్నదే మార్చేసింది. చేసేదేముంది? రాజాజ్ఞ. మాచన గుర్రమెక్కి ఎగువకోనకి వెళ్ళాడు.

ఎగువకోన విడిదిలో అతను చూసింది వింతగా తోచింది. ఓడి వచ్చిన సైనికులు బంతిగా కూర్చుని ఉన్నారు. ముప్పమదేవి కొంగు నడుముకి చుట్టుకుని, తన చేత్తో వాళ్ళకి అన్నం వడ్డిస్తోంది. ప్రతివాడి విస్తరి ముందూ ఆగి ఒకే మాట అడుగుతోంది.

"ఏం చూశావు నాయనా?"

"వాళ్ళు పెద్దగా అరుస్తూ దూరం నుంచి పరుగెత్తుకొచ్చారమ్మా," అన్నాడొకడు.

"పిరికివాడు మా సేనాని, అందుకే..." అని మొదలెట్టాడు ఇంకొకడు.

"చూసింది చెప్పు, అనుకున్నది వద్దు," అంది రాణి. వాడు తల గోక్కుని, "నా గుర్రం ఇనుప తొడుగు బరువుకే ముందు కూరుకుందమ్మా," అన్నాడు.

అది వాళ్ళ ఆచారం. గెలిచినా ఓడినా పోరు అయ్యాక బంతి పెట్టాల్సిందే. ఏలేవాళ్ళు వడ్డించాల్సిందే. తిన్నవాడు చూసింది చెప్పాల్సిందే.

మాచన తన రాజు జవాబు చెప్పాడు. రాణి నిట్టూర్చింది. కోపం మాత్రం పడలేదు. "బంతి వేళకి వచ్చినవాడు పగవాడైనా తినిపోవాలి. కూర్చో," అంది. విస్తరి వేసి, అతన్నీ అడిగింది. "నువ్వేం చూశావు నాయకా?"

మాచన అబద్ధం ఆడలేడు కదా. "బురద చూశానమ్మా," అన్నాడు.

"మావాళ్ళూ అదే చెప్పారు," అంది రాణి. "ఒకే పోరులో మీరూ మేమూ ఒకటే చూశాం. మీ రాజు మాత్రం ఏదో వేరేది చూసినట్టున్నాడు."

మాచన తిని, విస్తరి ఎత్తి, రాణికి దణ్ణం పెట్టి గుర్రమెక్కాడు.

రెండో పోరు రాతికట్ట కింద జరిగింది. అక్కడ గడ్డి లేదు, బురద లేదు. గులకరాళ్ళ ఏటవాలు. కింద దిగువకోన సేన, పైన ఎగువకోన సేన.

తొలివరస తప్పకూడదు కదా! అందుకని వంటవాడు కూర్చుని మరీ గంజి మాడ్చాడు. సైనికులు ముక్కు మూసుకుని సగం తాగి, సగం పారబోశారు. చెప్పు వారు కత్తితో కోశారు. తుమ్ము మాత్రం రానంది. పురోహితుడు రాజు ముక్కు కింద మిరియాల పొడి పట్టాడు. రాజు తుమ్మీ తుమ్మీ కళ్ళు రెండూ చింతనిప్పులు చేసుకుని, ఒక కాలికి చెప్పు ఉండి, ఒక కాలికి లేక, కుంటుతూ వచ్చి నిలబడ్డాడు. నవ్వకండి, పాపం.

"ప్రభూ, ఆ రోజు మనం దిబ్బ మీది నుంచి కిందికి పరుగెత్తాం. ఇది పైకి," అని మాచన చెప్పబోయాడు.

"వరస వరసే!" అన్నాడు రాజు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

కొమ్మరాజు గండపెండేరం ఘల్లుమంది. సేన కేకలు పెడుతూ ఎగువకి ఉరికింది. ఖాళీ కడుపులు, కాళ్ళ కింద జారే గులకరాళ్ళు. పైన ముప్పమదేవి సేన గుర్రాలు దిగి, ఇనుప తొడుగులు విప్పేసి, తేలికగా నిలబడి ఉంది. దిగువకోన వాళ్ళు దగ్గరికి వస్తున్నకొద్దీ వాళ్ళు కొంచెం వెనక్కి జరిగారు. మళ్ళీ జరిగారు. అరుస్తూ పరుగెత్తేవాడికి ఊపిరి ఎంతసేపు ఉంటుంది? పైకి చేరేసరికి దిగువకోన బిడ్డలు బల్లెం మీద వాలి రొప్పుతున్నారు. అప్పుడు ఎగువకోన వాళ్ళు ముందుకి కదిలారు.

ఎక్కువసేపు పట్టలేదు. అందరికన్నా ముందు దిగువకి పరుగెత్తుకొచ్చింది కొమ్మరాజే. ఆ కాలి చప్పుడు వినే చాలామంది, పోరు పోయిందని తెలుసుకున్నారు.

మధ్యాహ్నం మాచన తెల్లగుడ్డ పట్టుకుని ఆ ఏటవాలు ఎక్కాడు. చనిపోయినవాళ్ళని తెచ్చుకోవాలి. రాళ్ళ మధ్య ఒక్కొక్క ముఖమూ తుడిచి చూశాడు. ప్రతి ముఖమూ తెలిసిందే. ప్రతి తల్లీ తెలిసిందే. వాళ్ళలో సూరప్ప ఉన్నాడు. మాచన అక్కడే కూలబడి, ఆ కుర్రవాడి తల ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పైన బంతి జరుగుతోంది. గెలిచిన బంతి. ముప్పమదేవి వడ్డిస్తూనే ఉంది, అడుగుతూనే ఉంది. కానీ ఈసారి సైనికులు వింటున్నట్టు లేదు. నవ్వుకుంటున్నారు, తొడలు చరుస్తున్నారు. చాలామంది ఆ ఏటవాలు గులకరాళ్ళు ఏరి, గుడ్డలో మూటగట్టి, దండచేతికి కట్టుకున్నారు. రాణి వాళ్ళ చేతుల వైపే చూస్తోంది.

మాచనని చూసి ఆమె కిందికి వచ్చింది. సూరప్ప ముఖం మీద తన పైట కొంగు కప్పి, "నా మాట మొన్నటిదే నాయకా," అంది. "ఒక వారం మీకు, ఒక వారం మాకు. మీ రాజుకి చెప్పు."

చెప్పాడు. రాజు తల దించుకునే విన్నాడు. ఒక క్షణం ఒప్పుకునేటట్టే కనిపించాడు. మళ్ళీ తల ఎత్తాడు.

"ఓడిపోయి ఒప్పుకుంటే భయపడ్డాడంటారు మాచనా."

"గెలిచినప్పుడు ఒప్పుకుంటే లోకం నవ్వుతుందన్నారు. ఓడినప్పుడు ఒప్పుకుంటే భయమంటారు. మరి ఎప్పుడు ఒప్పుకోవాలి ప్రభూ?"

జవాబు పురోహితుడి దగ్గర ఉంది. ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

"లోపం యుద్ధంలో లేదు ప్రభూ, వరసలో ఉంది. తొలినాడు తమరు ఒక్కసారే తుమ్మారు. ఈసారి మిరియం ఎక్కువై తొమ్మిదో పదో అయ్యాయి. పైగా చోటు మారింది. మళ్ళీ గేదెలరేవుకే పోదాం. చోటు అదే, వరస అదే, గెలుపూ అదే!"

మునిగిపోయేవాడికి గడ్డిపరకైనా చాలు. రాజు సరేనన్నాడు.

కొన్నాళ్ళకి రెండు సేనలూ మళ్ళీ గేదెలరేవు దగ్గర ఎదురుబొదురుగా నిలిచాయి. ఎండ మాడ్చేస్తోంది. దిబ్బ మీద దిగువకోన సేన. సేనలో సగంమంది పాతవాళ్ళు, మిగతా సగం మీసాలు రాని తమ్ముళ్ళు. గంజి మాడింది. చెప్పు వారు తెగింది. ఈసారి మిరియం కొలత కుదిరి తుమ్ము ఒక్కటే వచ్చింది. పురోహితుడు ఆనందంతో చప్పట్లు కొట్టాడు. కొమ్మరాజు గుర్రాన్ని అదిలించడానికి గండపెండేరం కాలు లేపబోయాడు.

మాచన వచ్చి గుర్రానికి అడ్డం నిలబడ్డాడు.

"ప్రభూ, పోరు మొదలెట్టకూడదు. తొలినాటి వీరుడు ఇంకా రాలేదు."

"ఎదురుగా నేను కనిపించడం లేదా!" అని కొమ్మరాజు ఉరిమాడు.

"గెలిపించిన వీరుడు అన్నాను," అన్నాడు మాచన. "ప్రభూ, నా మాట నమ్మొద్దు. పురోహితుల మాటా నమ్మొద్దు. ఆ పల్లంలో తమరి కాలు ఒక్కసారి పెట్టి చూడండి. ఆ వీరుడు అక్కడ ఉంటే నేనే ముందు దూకుతాను. లేకపోతే తమరే చెప్పండి ఏం చేయాలో."

రాజుకి చిరాకు వచ్చింది. కానీ మాచన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఏ యుద్ధంలోనూ ఆ కళ్ళు తడవడం ఆయన చూడలేదు. దిబ్బ దిగి పల్లం వైపు నడిచాడు. ఎడమకాలికి చెప్పు లేదు కదా. ఆ కాలే ముందు వేశాడు.

నేల టకటకలాడింది. వాగు ఎండి, వాన లేక, ఆ బురదంతా ఎప్పుడో పెంకులై పగిలిపోయింది. చెయ్యి పట్టేంత బీటలు. తొలినాడు గుర్రాలు తన్నుకున్న గుంటలు అలాగే గట్టిపడి రాతిగిన్నెల్లా ఉన్నాయి. అరికాలు చుర్రుమంది. రాజు కాలు తీయలేదు. అలాగే నిలబడి అవతలి గట్టు చూశాడు. అక్కడ ఎగువకోన గుర్రపుదండు తొడుగులు లేకుండా, కళ్ళేలు బిగించి, సిద్ధంగా ఉంది. ఈ గట్టినేల మీద ఆ గుర్రాలు వస్తే, దిబ్బ మీద ఉన్న మీసాలు రాని పిల్లలు ఏమవుతారో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వెనకాలే వచ్చిన మాచన వైపు తిరిగాడు. "మాచనా, ఆ రోజు మనం నిజంగా ఏమీ చేయలేదు కదూ?"

"మన అదృష్టం మనకి ఒక దారి చూపించింది ప్రభూ. రాణి తూము పెడతానన్న రోజున ఆ దారి తెరిచే ఉంది. మనం దాన్ని దాటి వచ్చేశాం."

"ఇప్పుడు అడిగితే ఇస్తుందా?"

"తెలియదు. ఆమె స్థానంలో తమరుంటే ఇచ్చేవారా?"

రాజు ముఖం పాలిపోయింది. "నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు," అన్నాడు నెమ్మదిగా. "అయినా వెళ్ళు. అడుక్కోమన్నా అడుక్కో. నా మాటగానే అడుగు."

మాచన ఆయుధం కింద పెట్టి, పగిలిన పల్లం దాటి, ఒంటరిగా అవతలి గట్టుకి నడిచాడు. రాణి చుట్టూ సేనానులు కత్తులు దూసి ఉన్నారు.

"అమ్మా, ఇవాళ బురద లేదు. ఒక్క ఊపున తొక్కేద్దాం! ఏటవాలు మీద గెలిచినట్టే గెలుస్తాం!" అంటున్నారు. అందరి దండచేతులకీ గులకరాళ్ళ మూటలు వేలాడుతున్నాయి.

మాచన రాణి ముందు మోకరిల్లాడు. "అమ్మా, మా ప్రభువు ఒప్పుకున్నారు. ఆలస్యంగా ఒప్పుకున్నారు. నీ మాట ఇంకా నిలిచి ఉంటే మా పిల్లలు బతుకుతారు. లేకపోతే చేసేది ఏమీ లేదు."

రాణి తన సేనాని వైపు తిరిగి, అతని దండచేతికి ఉన్న మూట తన చేత్తోనే విప్పింది. రాయి అరచేతిలో పెట్టుకుని అడిగింది.

"ఇదేమిటి?"

"జయశిల అమ్మా. ఆ ఏటవాలుది. ఇది ఉంటే ఓటమి రాదు."

"అవతలివాళ్ళు తుమ్ముని నమ్ముకున్నారు. మనం రాయిని నమ్ముకున్నాం. తేడా ఏముంది?" అంది రాణి. "మొన్నటి బంతిలో ఏం చూశావని అడిగితే, 'మా పరాక్రమం చూశానమ్మా' అన్నవాళ్ళే ఎక్కువ. ఆ పిల్లలు పస్తు కడుపులతో వచ్చారని ఒక్కడు చెప్పలేదు. వాళ్ళకి తొలినాడు పట్టిన జబ్బే మనకి మొన్న పట్టింది. ఇవాళ కూడా గెలిస్తే ఇంక మందు లేదు."

సేనానులు కత్తులు దించారు.

"లే నాయకా," అంది రాణి. "నా మాట అప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. వానలు లేవని భయపడి, మిమ్మల్ని అడగకుండా కట్ట వేసింది నేనే. మొదటి తప్పు నాది. ఒక వారం మీకు, ఒక వారం మాకు." అని ఆ గులకరాయిని పల్లంలోకి విసిరేసింది.

తూము తెరిచారు. చిలకవాగు గలగలమంటూ దిగువకి వచ్చింది. గేదెలరేవు నిండింది, బీటలు పూడాయి, నారుమళ్ళు తిరిగి పచ్చబడ్డాయి. నాట్ల వేళకి సేన ఇళ్ళకి చేరింది. మాచన మాట ఇచ్చినట్టే వేళకి చేరింది. బయల్దేరినంత మంది మాత్రం చేరలేదు.

దమ్ము మొదలయ్యే రోజున ఉదయభూపతి పొలాలకి వచ్చాడు. పల్లకీ లేదు, చెప్పులు లేవు. మాచన చెప్పిన ఎగువకోన ఆచారం ప్రకారం పొలంగట్టు మీద ఊరివాళ్ళందరికీ బంతి వేయించి, తనే అన్నపు గంప ఎత్తుకున్నాడు. ప్రతి విస్తరి ముందూ వంగి వడ్డించాడు. మాచన వెనకాలే పప్పు గిన్నె పట్టుకుని నడిచాడు.

అక్కమ్మ విస్తరి వచ్చింది. పక్కన ఖాళీ విస్తరి ఒకటి వేసుకుని కూర్చుంది ఆమె. రాజు రెండింట్లోనూ వడ్డించాడు.

"అమ్మా, చూసింది చెప్పు."

అక్కమ్మ వాగు వైపు చూసింది. తరవాత రాజు వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"తొలినాడు రాణి ఇస్తానన్న నీళ్ళూ ఇవే ప్రభూ. ఇవాళ వచ్చిన నీళ్ళూ ఇవే. ఒక చుక్క ఎక్కువ లేదు, ఒక చుక్క తక్కువ లేదు. మధ్యలో పోయింది నా సూరప్ప."

రాజు చేతిలో గంప అలాగే ఉండిపోయింది. కళ్ళు ధారలు కట్టాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మాచన గిన్నె కింద పెట్టాడు. అక్కమ్మ మడిలో దిగి, ఎడ్లని కాడికి కట్టి, దమ్ము చేయడం మొదలెట్టాడు. ఆ ఏడే కాదు, ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మడికి దమ్ము అతనే చేశాడు.

ఆ సాయంత్రం రాజు కొమ్మరాజు కాలి గండపెండేరం విప్పించి, తన చేత్తో తీసుకెళ్ళి, గేదెలరేవు బురదలో వేశాడు. అది బుడుంగున మునిగింది. కాసేపటికి ఒక ముసలిగేదె వచ్చి సరిగ్గా అక్కడే కూలబడింది. దిగువకోనలో తొలివరస ఆచారం ఆనాటితో పోయింది. బంతి ఆచారం నిలిచింది.

కథ గట్టెక్కింది పిల్లలూ, ఇక నీతి మీ చేతికి. మొదటి గెలుపు ఎలా వచ్చిందో తనకి తాను నిజం చెప్పుకోనివాడు, ఆ గెలుపుకి వెల తన బిడ్డలతో కట్టిస్తాడు.